డాక్స్‌లో చిన్న తప్పు కనపడింది: పీఆర్ పెట్టాలా, ఇష్యూ రాయాలా, మెయిల్ పంపాలా?

కొన్నేళ్ల కిందట ఒక ఓపెన్ సోర్స్ టూల్‌ను సర్వర్‌లో పెడుతూ, దాని డాక్స్ (వాడే తీరు వివరించే పత్రాలు) పేజీలో ఉన్న కమాండ్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసి టెర్మినల్‌లో వేశాను. అలాంటి ఆప్షన్ లేదని ఎర్రర్ వచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ అదే. వెర్షన్ తేడా ఏమో అనుకుని పాతది తీసేసి కొత్తది పెట్టాను. ముప్పావు గంట పోయాక అసలు సంగతి తెలిసింది. ఆప్షన్ ముందు ఉండాల్సిన రెండు చిన్న గీతలు ఆ పేజీలో కలిసిపోయి ఒక పొడుగు గీత అయ్యాయి. మన కంటికి తేడా ఆనదు, టెర్మినల్ మాత్రం ఒప్పుకోదు.

ఇంకొకరు ఇలా ఇరుక్కోకూడదని దాన్ని సరిచేయడానికి కూర్చున్నాను. ప్రాజెక్టులు తమ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో ఆ ప్రాజెక్టు పేరు వెతికి, దొరికిన రిపోలో (దాని ఫైళ్లన్నీ ఉండే చోటు) ఫైల్ మార్చి, ఆ మార్పు కలుపుకోమని అడిగే పుల్ రిక్వెస్ట్ (పీఆర్) పెట్టాను. నెలలు గడిచినా పలికిన వాళ్లు లేరు. తర్వాత తెలిసింది, ఆ రిపో కేవలం నకలు. అసలు పనంతా మెయిలింగ్ లిస్టులో, అంటే సభ్యులందరికీ చేరే మెయిళ్లలో, నడుస్తుంది. ఆ సంగతి ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్‌లో మొదట్లోనే రాసి ఉంది, నేనే చదవలేదు. పట్టుకున్న తప్పు నిజమైనదే, తట్టిన తలుపు వేరే.

ఆ తర్వాత ఇలాంటి చిన్న సవరణలు చాలానే పంపాను. కొన్ని గంటలోపే కలిశాయి, కొన్ని వారాల తరబడి ఆగాయి, కొన్ని తిరిగొచ్చాయి. వాటన్నిటి నుంచీ నాకు తేలింది ఒకటే. దారి ఎంచుకునేటప్పుడు ‘నాకు ఏది సులువు’ అని కాదు, ‘దీన్ని చూసి ఒప్పుకోవాల్సిన మెయింటెయినర్‌కు ఎందులో తక్కువ పని పడుతుంది’ అని చూసుకోవాలి. ఒక అక్షరం మార్చడానికి మనకు రెండు నిమిషాలు చాలు. అవతలి మనిషి ఆ పేజీ తెరవాలి, మార్పు చూడాలి, సరైనదో కాదో తేల్చుకోవాలి, టెస్టులు నడిచేదాకా ఆగాలి, అప్పుడు కలపాలి. వాళ్లలో చాలామంది ఉద్యోగం అయ్యాక, రాత్రి పూట, జీతం లేకుండా చేసే పని ఇది.

అసలు అది తప్పేనా?

ఏ దారైనా ఎంచుకునే ముందు ఈ ప్రశ్న తేలాలి. బ్రౌజర్ ఏ పేజీ నుంచి వచ్చిందో సర్వర్‌కు చెప్పే హెచ్‌టీటీపీ హెడర్ పేరు ‘రెఫరర్’. ఇంగ్లిష్‌లో ఆ మాట మధ్యలో రెండు ‘ఆర్’లు ఉండాలి, హెడర్ పేరులో ఒకటే ఉంటుంది. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1945 అనే ఇంటర్నెట్ పత్రంలో ఆ స్పెల్లింగే ఉంది, నేటికీ అదే ప్రమాణం. దాన్ని ‘దిద్దితే’ చదివేవాళ్ల కోడ్ పనిచేయదు. యూనిక్స్‌లో ఫైల్ సృష్టించే ‘క్రియేట్’ సిస్టమ్ కాల్‌కు చివర ‘ఈ’ లేదు. డిస్క్‌ను విడదీసే ‘యుమౌంట్’ కమాండ్‌లో మొదటి ‘ఎన్’ లేదు. కోడ్ ఫాంట్‌లో కనపడే ఏ మాటనైనా నడిపి చూడకుండా దిద్దకూడదు.

బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులతో కూడా జాగ్రత్త. మనం బడిలో ‘కలర్’ మాటను ‘యు’తో రాయడం నేర్చుకున్నాం కాబట్టి ‘యు’ లేనిది తప్పులా కనిపిస్తుంది. అవతలివాళ్లకు అది తప్పు కాదు. ప్రాజెక్టు ఏ పద్ధతి పెట్టుకుందో అదే సరైనది.

వెర్షన్ కూడా చూసుకోవాలి. గూగుల్ మనల్ని పాత వెర్షన్ డాక్స్‌కు పంపిస్తూ ఉంటుంది. అక్కడ కనపడిన తప్పును మెయిన్ బ్రాంచిలో (ప్రాజెక్టు తాజా ప్రతిలో) ఎవరో ఎప్పుడో దిద్దేసి ఉండవచ్చు. ఆ ఫైల్ తాజా ప్రతి తెరిచి ఒకసారి చూడటానికి అరనిమిషం పట్టదు.

పుల్ రిక్వెస్ట్: సరైనది ఏమిటో మీకు కచ్చితంగా తెలిసినప్పుడు

అక్షరదోషం, చచ్చిపోయిన లింకు, వాక్యంలో జారిపోయిన ‘కాదు’, కమాండ్‌లో పోయిన గీత. ఇలాంటివాటికి నా ఓటు పుల్ రిక్వెస్ట్‌కే. మెయింటెయినర్‌కు తప్పూ దిద్దుబాటూ పక్కపక్కనే ఎరుపులో, పచ్చలో కనపడతాయి. చూసి నొక్కడమే మిగిలిన పని.

దీనికి గిట్ (ఫైళ్లలో మార్పులను నమోదు చేసే టూల్) నేర్చుకోనక్కర్లేదు. వెబ్ డెవలపర్లందరూ వాడే ఎండీఎన్ వెబ్ డాక్స్‌నే తీసుకోండి. 2020 డిసెంబరు దాకా అది వికీ. ఎవరైనా లాగిన్ అయి నేరుగా మార్చేవారు. ఆ నెలలో దాని పాఠమంతా గిట్‌హబ్‌కు మారింది. ఇప్పుడు ప్రతి పేజీ అడుగున రెండు లింకులు ఉంటాయి: ఒకటి ఆ పేజీ సోర్స్ ఫైల్‌కు తీసుకెళ్తుంది, రెండోది సమస్య చెప్పే ఫారం తెరుస్తుంది. సోర్స్ ఫైల్‌లో పెన్సిల్ గుర్తు నొక్కితే చాలు, గిట్‌హబ్ మీ పేరిట ఫోర్క్ (ఆ రిపోకు మీ సొంత నకలు) చేయించి, ‘ప్యాచ్-1’ అనే బ్రాంచి తయారుచేసి, పీఆర్ పెట్టే పేజీ దాకా నడిపిస్తుంది. మొదటిసారి పది నిమిషాలు పట్టవచ్చు, తర్వాత అంత కూడా పట్టదు.

పైథాన్ డాక్స్ కూడా ఇంచుమించు ఇంతే. అవి పైథాన్ అసలు కోడ్ ఉండే సీపైథాన్ రిపోలోనే ‘డాక్’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. పేజీ పక్కన సోర్స్ చూపించే లింకు ఉంటుంది. మామూలు అక్షరదోషానికి ముందుగా ఇష్యూ (సమస్య చెప్పే నోట్) తెరవాల్సిన పని లేదు. కానీ మొదటిసారి పంపేవాళ్లు కాంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం చేయాలని బాట్ (తనంతట తానే నడిచే ప్రోగ్రామ్) అడుగుతుంది. ఒక్క అక్షరానికి ఒప్పందమా అని విసుక్కోకండి. ఆన్‌లైన్‌లో ఒకసారి చేస్తే అయిపోతుంది. సర్వర్లలో ప్రోగ్రాములను నడిపే కుబర్నెటీస్ ప్రాజెక్టులోనూ ఇలాంటి ఒప్పందం ఉంది. మీరు కంపెనీ ఉద్యోగి అయి, కంపెనీ పనిలో భాగంగా పంపుతుంటే మాత్రం ఆఫీసులో అడిగి సంతకం చేయండి.

ఇక్కడ నా పొడుగు గీత దగ్గరికి మళ్లీ రావాలి. దాని కారణం తెలిస్తే ఇలాంటివి మీరే పట్టేస్తారు. చాలా ప్రాజెక్టులు డాక్స్‌ను స్ఫింక్స్ అనే టూల్‌తో తయారుచేస్తాయి. అది మామూలు వాక్యాల్లో రెండు గీతలు పక్కపక్కన కనిపిస్తే, పుస్తకంలో అచ్చయినట్టు అందంగా ఉండాలని ఒకే గీతగా మారుస్తుంది. కొటేషన్ గుర్తులనూ వంకర గుర్తులుగా మారుస్తుంది. కోడ్ అని గుర్తు పెట్టిన చోట మాత్రం ముట్టుకోదు. అంటే సోర్స్ ఫైల్‌లో రాసినాయన గీతలు సరిగ్గానే కొట్టాడు, దాన్ని కోడ్ అని గుర్తు పెట్టడం మరిచిపోయాడు. దిద్దుబాటు గీతల్లో కాదు, ఆ ఆప్షన్ చుట్టూ బ్యాక్‌టిక్‌లు (` గుర్తులు) పెట్టడంలో ఉంది. అందులోనూ ఒక మెలిక. మార్క్‌డౌన్ అనే రాత పద్ధతిలో అటొకటి ఇటొకటి చాలు. స్ఫింక్స్‌లో ఎక్కువగా వాడే రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో అటు రెండు, ఇటు రెండు పెట్టాలి. మార్క్‌డౌన్ అలవాటున్నవాళ్లు ఒక్కోటే పెట్టి పంపడం, రివ్యూలో తిరిగి రావడం నేను చాలాసార్లు చూశాను. నావీ అలా వచ్చాయి.

పీఆర్ దారిలో తరచూ తగిలే ఇంకో చిక్కు ఉంది. పేజీలో తప్పు కనపడుతుంది, డాక్స్ ఫోల్డరంతా వెతికినా ఆ వాక్యం దొరకదు. నమ్‌పై, పాండాస్ లాంటి పైథాన్ లైబ్రరీల్లో ఫంక్షన్ల వివరణ పేజీలు కోడ్ లోపల మూడేసి కొటేషన్ల మధ్య రాసే డాక్‌స్ట్రింగుల నుంచి తయారవుతాయి. అప్పుడు ఆ ఫంక్షన్ ఉన్న కోడ్ ఫైల్‌నే తెరవాలి. భయపడనక్కర్లేదు, ఆ మూడు కొటేషన్ల మధ్య ఉన్నది వట్టి పాఠమే.

ఇష్యూ: తప్పని తెలుసు, సరైనది తెలియదు

పేజీ చెప్పినట్టే చేశారు, ఫలితం వేరేగా వచ్చింది. డాక్స్ తప్పా, ప్రోగ్రామ్ తప్పా మీకు తెలియదు. అలాంటప్పుడు ఊహించి పీఆర్ పెట్టకండి. ఊహ తప్పైతే ఒక తప్పు తీసి ఇంకో తప్పు పెట్టినవాళ్లం అవుతాం. మెయింటెయినర్ తొందరలో ఒప్పుకున్నారంటే అది వేలమంది చదివే పేజీలోకి ఎక్కుతుంది. ఇక్కడ ఇష్యూనే సరైన దారి. పేజీ లింకు, మీ వెర్షన్, అనుమానమున్న వాక్యం, మీరు వేసిన కమాండ్, వచ్చిన జవాబు రాయండి, అంతే. స్క్రీన్‌షాట్ కంటే అక్షరాల్లో అతికించడం మేలు, ఎందుకంటే అది వెతికితే దొరుకుతుంది.

వట్టి అక్షరదోషానికి ఇష్యూ తెరవడం మాత్రం మెయింటెయినర్‌కు పని పెంచుతుంది. ఆయన అది చదివి, ఫైల్ వెతికి, తనే దిద్ది, మళ్లీ వచ్చి ఇష్యూ మూయాలి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

గిట్‌హబ్ ఖాతా లేనివాళ్లకు, ఫైళ్ల జోలికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లకు కొన్ని ప్రాజెక్టులు వేరే వెసులుబాటు పెట్టాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ డాక్స్‌లో ప్రతి పేజీ అడుగున ఒక ఫారం లింకు ఉంటుంది. వాళ్ల సైట్‌లో ఖాతా తెరిచి అందులో రాస్తే, అది వాళ్ల డాక్స్ మెయిలింగ్ లిస్టుకు చేరుతుంది. ఆ డాక్స్ డాక్‌బుక్ పద్ధతిలో ట్యాగుల మధ్య రాసి ఉంటాయి కాబట్టి, కొత్తవాళ్లు ఒక వాక్యం కోసం ఆ ట్యాగులతో కుస్తీ పట్టేకంటే ఫారమే నయం.

మెయిల్‌లో ప్యాచ్: కష్టమైనదే, కొన్నిచోట్ల అదొక్కటే దారి

లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) గిట్‌హబ్‌లో కనపడుతుంది కానీ, అక్కడ పెట్టిన పీఆర్‌లు తీసుకోరు. డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో ఒక అక్షరం మార్చినా మెయిల్‌లోనే పంపాలి. కమిట్ చేసి (మార్పును గిట్‌లో నమోదు చేసి), ‘గిట్ ఫార్మాట్-ప్యాచ్’తో ప్యాచ్, అంటే ఆ మార్పు ఉండే ఫైల్, తయారుచేసి, ‘గిట్ సెండ్-ఈమెయిల్’తో పంపడం మామూలు పద్ధతి. ఎవరికి పంపాలో చెప్పడానికి ‘గెట్ మెయింటెయినర్’ అనే స్క్రిప్టు, పంపే ముందు తప్పులు చూసుకోవడానికి ‘చెక్‌ప్యాచ్’ అనే స్క్రిప్టు కెర్నల్ సోర్స్‌లోనే ఉన్నాయి. తరచుగా పడే స్పెల్లింగ్ తప్పుల జాబితా ఫైల్ కూడా పక్కనే ఉంటుంది.

జీమెయిల్‌ను బ్రౌజర్‌లో తెరిచి అందులో ప్యాచ్ అతికించి పంపకండి. అది ట్యాబులను ఖాళీలుగా మారుస్తుంది, పొడుగు లైన్లను విరగ్గొడుతుంది, అవతల ప్యాచ్ అతకదు. ఈ హెచ్చరిక కెర్నల్ డాక్స్‌లోనే ఉంది. కమిట్ చివర ‘సైన్డ్-ఆఫ్-బై’ అనే లైనులో మీ పేరు, మెయిల్ రాయాలి. ఈ మార్పు పంపే హక్కు నాకు ఉంది అని మీరు ఇచ్చే మాట అది. 2004 నుంచి ఈ పద్ధతి ఉంది.

ఒక సంగతి ముందే తెలుసుకుని దిగండి. లిస్టుకు పంపిన మెయిల్, దానితోపాటు మీ అడ్రస్, ఆర్కైవుల్లో శాశ్వతంగా, అందరికీ కనపడేలా ఉండిపోతాయి. గిట్‌హబ్‌లోనైతే సెట్టింగుల్లో అసలు మెయిల్ దాచుకునే వీలుంది, ఇక్కడ లేదు. ఇందుకోసం వేరే మెయిల్ పెట్టుకోవడం మంచిది, ముఖ్యంగా అమ్మాయిలకు నేను ఇదే చెబుతాను. గిట్ ప్రాజెక్టు కూడా మెయిల్ మీదే నడుస్తుంది కానీ, అక్కడ గిట్‌గిట్‌గ్యాడ్జెట్ అనే వంతెన ఉంది. మీరు గిట్‌హబ్‌లో పీఆర్ పెడితే అది దాన్ని ప్యాచ్‌గా మార్చి లిస్టుకు పంపుతుంది. మెయిల్ పద్ధతిలో మొదటి అడుగు వేయాలనుకునేవాళ్లు అక్కడ మొదలుపెట్టవచ్చు.

ఒక్క అక్షరదోషం కోసం ఇదంతా నేర్చుకోవాలా? కెర్నల్‌లో ముందుముందు పని చేయాలనే ఆలోచన ఉంటే తప్పకుండా నేర్చుకోండి. డాక్స్ సవరణ తప్పినా ఏదీ చెడిపోదు, అందుకే పద్ధతి పట్టుబడటానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆ ఆలోచన లేకపోతే ఒక సాయంత్రం అంతా మెయిల్ సెట్టింగులతో గడపడం నాకు సబబుగా తోచదు.

వికీ గురించి రెండు మాటలు చాలు. ఆర్చ్ లినక్స్ వికీ లాంటి చోట్ల లాగిన్ అయి దిద్దితే ఆ క్షణమే పేజీ మారిపోతుంది. ఏం మార్చారో, ఎందుకో సారాంశం పెట్టెలో ఒక లైను రాయండి. తెలుగు వికీపీడియాలో రాసిన అలవాటున్నవాళ్లకు అది చేయి తిరిగిన పనే.

తెలుగు పాఠంలో తప్పు ఉంటే

ఇది నా మనసుకు దగ్గరి విషయం. మెనూలో ఒక తెలుగు మాట తప్పుగా ఉంటే చాలామంది రిపోలో తెలుగు ఫైల్ వెతికి పీఆర్ పెడతారు. అది దాదాపు ఎప్పుడూ పొరపాటే. అనువాదాలకు వేరే వేదికలు ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌కు పాంటూన్, లిబ్రెఆఫీస్‌కు వెబ్‌లేట్, వికీపీడియా నడిచే మీడియావికీకి ట్రాన్స్‌లేట్‌వికీ, వర్డ్‌ప్రెస్‌కు వాళ్ల సొంత అనువాద సైట్. అక్కడి మాటలే ఎప్పటికప్పుడు రిపోలోకి వస్తాయి. నేరుగా రిపోలో దిద్దినా, తర్వాత వచ్చే విడతలో పాత మాట మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

వేదికలో చాలాచోట్ల మీరు పెట్టేది సూచన మాత్రమే. తెలుగు సమీక్షకులు ఒప్పుకోవాలి. ఆలస్యమైతే అది నిర్లక్ష్యం అనుకోవద్దు, ఈ పని చేసేవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ, ఇంకా ఎందరో విడివిడిగా, ఏళ్ల తరబడి చేసిన శ్రమ వల్ల ఇంత తెలుగు మన తెరల మీద కనపడుతోంది.

ఇక్కడ ఒక రకం తప్పు మాటలో కాదు, ఆ మాట తయారైన తీరులో ఉంటుంది. ఇంగ్లిష్ వాక్యంలో పేరు వచ్చే చోట $1 లాంటి గుర్తు ఉంటుంది. తెలుగులో ఆ పేరుకు ‘ను’, ‘లో’, ‘కి’ అతకాలి. ‘రవిని’ అనాలి, ‘ఫైలును’ అనాలి. కానీ అనువాదకుడికి ముందే తెలియదు ఏ పేరు వస్తుందో. అందుకే ‘రవిను తొలగించారు’ లాంటివి తెరమీద కనపడతాయి. ‘అనే వాడుకరిని’, ‘అనే ఫైలును’ అని తిరగరాస్తే ఏ పేరొచ్చినా వాక్యం కుదురుతుంది. ఈ దిద్దుబాటు వేదికలోనే చేయవచ్చు. ఇంకొన్నిసార్లు ప్రోగ్రామర్ ఒక వాక్యాన్ని మూడు ముక్కలు చేసి, ముక్కకో స్ట్రింగ్ (అనువదించాల్సిన పాఠం) పెడతారు. క్రియ చివర వచ్చే మన భాషలో ఆ ముక్కలు ఏ విధంగానూ అతకవు. అప్పుడు అనువాద వేదికలో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. మూల ప్రాజెక్టులో ఇష్యూ తెరిచి, వాక్యం మొత్తం ఒకే స్ట్రింగ్‌గా ఉండాలని, ఉదాహరణ చూపించి అడగాలి. తమిళం, కన్నడం, జపనీస్ వాళ్లకు కూడా దాంతో మేలు జరుగుతుంది.

ఒక్కటే దిద్దాలా, అన్నీ కలిపా?

కుబర్నెటీస్ తమ మార్గదర్శకంలో ఒక్కో అక్షరానికి ఒక్కో పీఆర్ పెట్టవద్దని, ఆ ఫైల్ మొత్తం చదివి ఉన్నవన్నీ ఒకేసారి దిద్దమని అడుగుతుంది. నాకు ఇది న్యాయంగా అనిపిస్తుంది. ఒక పేజీలోని అక్షరదోషాలన్నీ ఒక పీఆర్‌లో పెట్టండి. అర్థం మార్చే సవరణ ఉంటే దాన్ని వేరే పీఆర్ చేయండి. రెండూ కలిస్తే, చర్చ అవసరమైనదాని వల్ల అవసరం లేనిది కూడా ఆగిపోతుంది.

పనిలేని సవరణల గురించి మన దగ్గరి విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పాలి. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమంలో నాలుగు పీఆర్‌లు పెడితే టీషర్టు ఇస్తామన్నారు. రీడ్‌మీ ఫైళ్లలో అక్కర్లేని విశేషణాలు చేర్చే పీఆర్‌లు వరదలా వచ్చిపడ్డాయి. అక్టోబరు మొదటి వారంలోనే నిర్వాహకులు నిబంధన మార్చి, మేం పాల్గొంటాం అని చెప్పిన ప్రాజెక్టులకే పరిమితం చేయాల్సి వచ్చింది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులోనూ ఇదే జరిగింది. ఒక వీడియో పాఠం చూసి, మన దేశ విద్యార్థులు వందలమంది రీడ్‌మీలో తమ పేర్లు చేర్చుతూ పీఆర్‌లు పెట్టారు. వాళ్లకు చెడ్డ ఉద్దేశం లేదు, నేర్పినవాళ్లు అలా నేర్పారు. కానీ అవన్నీ ఒక్కొక్కటిగా మూసింది ఎవరో ఒక మనిషే. బీటెక్ పిల్లలు నన్ను అడిగినప్పుడు ఒక్కటే చెబుతాను: తప్పులు వెతకడానికి రిపోలు తిరగకండి. ప్రాజెక్టు పనిలో మీరు నిజంగా వాడుతున్న లైబ్రరీ పేజీలో మిమ్మల్ని ఆపిన వాక్యం ఒకటి ఉంటుంది, అది దిద్దండి. అలాంటి సవరణకు ‘ఎందుకు’ అనే జవాబు మీ దగ్గర ముందే ఉంటుంది. ఇంటర్వ్యూలో అడిగినా చెప్పగలరు.

పంపాక ఎన్నాళ్లు ఆగాలి అని కూడా అడుగుతారు. కెర్నల్ వాళ్లు కనీసం ఒక వారం ఆగి, అప్పుడు గుర్తు చేయమంటారు. మిగతా చోట్ల నేను రెండు వారాలు ఆగుతాను. తర్వాత మర్యాదగా ఒక లైను రాస్తాను, అది కూడా ఒక్కసారే. రివ్యూలో ఏదైనా మార్చమంటే అదే బ్రాంచిలో మార్చండి, కొత్త పీఆర్ తెరవకండి. ‘ఇది ఇప్పటికే ఇంకొకరు దిద్దారు’ అని మీది మూసేస్తే, థ్యాంక్స్ చెప్పి మీ ‘ప్యాచ్-1’ బ్రాంచిని తీసేయండి. పేజీలో ఆ తప్పు పోయిందో లేదో మాత్రం ఒకసారి తెరిచి చూసుకోండి.